యాక్సెస్ నుంచి మెయిల్స్ వాటంతటవే పోవాలంటే: ఏ ఆఫీసుకు ఏ దారి

తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్, ఆదోనిలో జిన్నింగ్ మిల్లు, కర్నూలులో ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు, అనంతపురంలో ప్రైవేటు డిగ్రీ కాలేజీ. వ్యాపారాలు వేరే గానీ, ఇలాంటి చోట్ల లెక్కలన్నీ మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్ అయిన యాక్సెస్‌లో, ఒక పాత ఫైల్లో ఉండటం మామూలే. ఎప్పుడో ఎవరో కుర్రాడు చేసిచ్చి బెంగళూరు వెళ్లిపోయి ఉంటాడు. ఫైల్ మాత్రం బాగానే నడుస్తుంటుంది. ఇబ్బందల్లా నెల మొదట్లో వస్తుంది. గుమాస్తా ఒక్కో పార్టీ స్టేట్‌మెంట్ తెరిచి, పీడీఎఫ్ చేసి, మెయిల్‌కు తగిలించి, సెండ్ నొక్కుతూ పూటంతా కూర్చుంటాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెన్నై పార్టీ లెక్క హైదరాబాద్ పార్టీకి పోతుంది.

ఈ పని మనిషి చెయ్యి పడకుండా జరిగేలా చేయడానికి దారులు చాలానే ఉన్నాయి. వెతికితే ప్రతివాళ్లూ తమకు తెలిసిన కోడ్ ముక్క ఒకటి ఇస్తారు. ఆ ముక్క మీ ఆఫీసులో పనికొస్తుందా లేదా అన్నది కోడ్ మీద కన్నా, మెయిల్ పోయే టైంకి ఆ సిస్టమ్ ఏ స్థితిలో ఉంటుందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే కోడ్ దగ్గరికి వెళ్లకముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీరు తీసేయాలనుకుంటున్న క్లిక్ ఎక్కడుంది? ఇది మూడు చోట్ల ఉండొచ్చు. మెయిల్ తయారై తెర మీదికి వచ్చాక సెండ్ నొక్కడం ఒకటి. ‘మీ తరఫున ఏదో ప్రోగ్రామ్ మెయిల్ పంపాలని చూస్తోంది, ఒప్పుకుంటారా’ అని అవుట్‌లుక్ అడిగే ప్రశ్నకు ‘అలో’ నొక్కడం రెండోది. అసలు ఫైల్ తెరిచి, ఫారంలో బటన్ నొక్కడం మూడోది. మొదటి రెండూ పంపే పద్ధతి మారిస్తే పోతాయి. మూడోది పోవాలంటే, చెప్పిన టైంకి ప్రోగ్రామ్‌ను దానంతట అదే తెరిచే విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్ కావాలి. మొదటి రెండూ పోగానే పని అయిపోయిందనుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

రెండోది, మెయిల్స్ పోయే టైంకి ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉండి, ఎవరో ఒకరు లాగిన్ అయి ఉంటారా? పగలు పదకొండుకు పోతే చాలనుకునే ఆఫీసుకూ, రాత్రి రెండింటికి పోవాలనుకునే ఆఫీసుకూ దారులు వేరు.

మూడోది, రోజుకు ఎంతమందికి? యాభై మందికైతే ఏ దారైనా సరిపోతుంది. వెయ్యి దాటితే మెయిల్ ఇచ్చేవాళ్ల హద్దులు అడ్డొస్తాయి.

నాలుగోది, ఒక్కొక్కరికీ వేరే పీడీఎఫ్ పోవాలా, లేక అందరికీ ఒకటే మాటా? బండల వ్యాపారికి మొదటిది కావాలి. కాలేజీ ఫీజు గడువు గుర్తు చేయడానికి రెండోది చాలు.

చివరిది, అందరూ వదిలేసేది: ఇది ఆగిపోయిన రోజు ఎవరు చూస్తారు? మీ ఆఫీసులో కోడ్ తెలిసినవాళ్లు లేకపోతే, ఎంత గొప్ప పద్ధతైనా మొదటి ఎర్రర్‌తోనే మూలన పడుతుంది.

వాట్సాప్‌లో పంపొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మామూలు వాట్సాప్‌ను ప్రోగ్రామ్‌తో నడిపిస్తే నంబర్ బ్లాక్ అయ్యే ప్రమాదం ఉంది. దానికి బిజినెస్ ఏపీఐ అని వేరే ఏర్పాటు ఉంది. అది వేరే కథ.

## సెండ్‌ఆబ్జెక్ట్: చేతిలో ఉన్నదే

యాక్సెస్‌లో పుట్టుకతో ఉన్న కమాండ్ ఇది. మాక్రోలోనూ (వరుసగా చేయాల్సిన పనుల జాబితా) పెట్టుకోవచ్చు, యాక్సెస్‌లోని కోడ్ భాష వీబీఏలోనూ రాసుకోవచ్చు. ఏ రిపోర్ట్, ఏ ఫార్మాట్, ఎవరికి, సబ్జెక్ట్ ఏమిటి అని ఇస్తే చాలు. ‘ఎడిట్ మెసేజ్’ దగ్గర ‘నో’ అని పెడితే మెయిల్ విండో తెరుచుకోకుండానే పంపుతుంది. అంటే మొదటి క్లిక్ పోయినట్టే.

రెండోది మాత్రం ఉండొచ్చు. ఎందుకంటే సెండ్‌ఆబ్జెక్ట్ సొంతంగా పంపదు, సిస్టమ్‌లో డిఫాల్ట్‌గా ఉన్న మెయిల్ ప్రోగ్రామ్‌కు అప్పజెప్తుంది. అది అవుట్‌లుక్ అయితే హెచ్చరిక రావచ్చు. పైగా ఇది యాక్సెస్‌లోని రిపోర్ట్‌నో క్వెరీనో ఒక్కదాన్నే తగిలించగలదు. స్టేట్‌మెంట్‌తో పాటు డిస్క్‌లో ఉన్న ఇన్వాయిస్ కాపీ కూడా పెడదామంటే కుదరదు. ఫారం ముందు ఒక మనిషి కూర్చుని, రోజుకు నాలుగైదు మెయిల్స్ పంపుకునే చోటికి ఇది చాలు. అంతకు మించి దీని మీద టైం పెట్టడం దండగ.

## అవుట్‌లుక్‌ను నడిపించడం

వీబీఏ నుంచి అవుట్‌లుక్‌ను తెరిచి, కొత్త మెయిల్ సృష్టించి, కావాల్సినన్ని ఫైళ్లు తగిలించి పంపడం చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి. పంపిన మెయిల్ సెంట్ ఫోల్డర్‌లో కనిపిస్తుంది, మీ సంతకం, మీ అడ్రస్ అన్నీ యథాతథంగా ఉంటాయి. పాస్‌వర్డ్ కోడ్‌లో రాయాల్సిన పని లేదు. ఇవన్నీ నిజమైన లాభాలే.

హెచ్చరిక సంగతి చూద్దాం. 2000లో ‘ఐ లవ్ యూ’ వైరస్ అవుట్‌లుక్ అడ్రస్ బుక్ పట్టుకుని ప్రపంచమంతా పాకాక, మైక్రోసాఫ్ట్ ఈ అడ్డుగోడ కట్టింది. అవుట్‌లుక్ 2007 నుంచి కొంత సడలించారు. సిస్టమ్‌లో యాంటీవైరస్ ఉండి, అప్‌డేట్‌గా ఉందని విండోస్ గుర్తిస్తే హెచ్చరిక రాదు. అంటే నెలల తరబడి చక్కగా నడిచిన ఏర్పాటు, యాంటీవైరస్ గడువు తీరిన మర్నాడు ఉన్నట్టుండి ఆగి, ఎవరో ‘అలో’ నొక్కుతారని ఎదురుచూస్తూ కూర్చోవచ్చు. ట్రస్ట్ సెంటర్‌లో ‘ప్రోగ్రమాటిక్ యాక్సెస్’ అనే చోట ‘ఎప్పుడూ హెచ్చరించవద్దు’ అన్న ఎంపిక ఉంది. అవుట్‌లుక్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే తప్ప దాన్ని మార్చనివ్వదు. మార్చడం తేలికే కానీ, అప్పుడు ఏ ప్రోగ్రామ్ అయినా మీ పేరు మీద మెయిల్ పంపగలదు. దానికన్నా యాంటీవైరస్ సరిచూసుకోవడమే మేలు. హెచ్చరిక రాగానే దానంతట అదే ‘అలో’ నొక్కే చిన్న యుటిలిటీలు కూడా ఒకప్పుడు తెగ తిరిగాయి. వాటి జోలికి పోకండి. గోడ కట్టుకుని, దానికి కన్నం పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కొత్త విండోస్ 11 సిస్టమ్స్‌లో ముందే వచ్చే ‘కొత్త అవుట్‌లుక్’ను వీబీఏ నుంచి నడిపించడం కుదరదు. ఆ తలుపే దానికి లేదు. ఈ పద్ధతికి పాత, అంటే ‘క్లాసిక్’ అవుట్‌లుక్ ఉండి తీరాలి. కనీసం 2029 దాకా దానికి సపోర్ట్ ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఇప్పటికే నడుస్తున్న ఏర్పాటును ఉంచుకోవడానికి ఆ గడువు చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నేను దీన్ని సలహా ఇవ్వను. ఎవరో కుర్రాడు సిస్టమ్ సర్వీస్ చేస్తూ పైనున్న ‘కొత్త అవుట్‌లుక్ వాడి చూడండి’ అన్న మీట నొక్కితే మీ ఏర్పాటు అక్కడే ఆగొచ్చు.

ఇంకో చిన్న మెలిక ఉంది. అవుట్‌లుక్ ముందే తెరిచి లేకపోతే, కోడ్ దాన్ని తెరిచి, మెయిల్ అప్పజెప్పి, వెంటనే మూసేస్తుంది. మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే పడి ఉంటుంది. మళ్లీ ఎవరైనా అవుట్‌లుక్ తెరిచినప్పుడు గానీ కదలదు. యాక్సెస్ మాత్రం ‘పంపేశాను’ అని రాసుకుంటుంది.

## సీడీఓ: మెయిల్ ప్రోగ్రామ్‌తో పని లేకుండా

విండోస్‌లోనే ఉండే ఒక లైబ్రరీ సీడీఓ. విండోస్ 2000 నాటి నుంచీ ఉంది. దీనికి అవుట్‌లుక్ అక్కర్లేదు. వీబీఏ నుంచి నేరుగా మెయిల్ సర్వర్‌తో మాట్లాడుతుంది. కాబట్టి హెచ్చరికల బెడదే లేదు. ఎన్ని ఫైళ్లయినా తగిలించవచ్చు. మా జిల్లాల్లో చిన్న ఆఫీసులు నన్ను అడిగితే ఎక్కువసార్లు నేను చూపించే దారి ఇదే.

జీమెయిల్‌తో వాడేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రోగ్రామ్‌లను జీమెయిల్ లోపలికి రానివ్వడం లేదు. అకౌంట్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. రెండోది, పోర్ట్ 465 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్ ఆన్ చేయాలి. చాలా సలహాల్లో 587 అని ఉంటుంది. అది మిగతా ప్రోగ్రామ్‌లకు సరే గానీ, సీడీఓతో పెడితే ‘ట్రాన్స్‌పోర్ట్ ఫెయిల్డ్ టు కనెక్ట్’ అని తిప్పికొడుతుంది. ఈ ఒక్క అంకె దగ్గరే రోజులు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

జీమెయిల్ సర్వర్ ద్వారా పంపినవి సెంట్ ఫోల్డర్‌లో వాటంతటవే కనిపిస్తాయి. మామూలు జీమెయిల్‌కు రోజుకు 500 మంది, డబ్బు కట్టే వర్క్‌స్పేస్‌కు 2000 మంది హద్దు. అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటకూడదు, పంపేటప్పుడు ఫైల్ దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది కాబట్టి 18 ఎంబీ లోపు ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు.

దీని బలహీనత కూడా పాస్‌వర్డ్ దగ్గరే. గూగుల్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఓనర్ ఫోన్ మార్చి, పాస్‌వర్డ్ మర్చిపోయి కొత్తది పెట్టుకుంటాడు. ఆ రాత్రి నుంచి మెయిల్స్ ఆగిపోతాయి. ఆ సంగతి చెన్నై నుంచి ఎవరో ‘ఏం సామీ, ఈ నెల లెక్క రాలేదే’ అని ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు. అందుకే ఓనర్ సొంత అకౌంట్ కాకుండా, ఈ పనికే ఒక జీమెయిల్ అకౌంట్ తెరిచి పెట్టుకోండి.

మీ మెయిల్ మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటే సీడీఓ మీద ఏమీ కట్టుకోకండి. అవుట్‌లుక్ డాట్ కామ్ సొంత అకౌంట్లకు 2024 సెప్టెంబర్ 16 నుంచే పాస్‌వర్డ్ ఒక్కదానితో లాగిన్ కావడాన్ని ఆపేశారు. ఆఫీసు అకౌంట్లకూ దశలవారీగా తీసేసే పనిలో ఉన్నారు. పాస్‌వర్డ్ బదులు వాడే కొత్త లాగిన్ పద్ధతి సీడీఓకు రాదు, సీడీఓ అంత పాతది.

రోజుకు వేలల్లో పంపే అవసరం ఉన్నవాళ్లు, సీడీఓలోనే జీమెయిల్ బదులు మెయిల్ పంపడమే వృత్తిగా పెట్టుకున్న సర్వీసుల సర్వర్ అడ్రస్ ఇవ్వొచ్చు. అమెజాన్ ఎస్‌ఈఎస్‌కు వెయ్యి మెయిల్స్‌కు పది సెంట్లు. ఇలాంటప్పుడు సొంత డొమైన్ ఉండాలి, దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించేవి) పెట్టించాలి. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5000కు పైగా జీమెయిల్ అడ్రస్‌లకు పంపేవాళ్లకు ఇవి గూగుల్ తప్పనిసరి చేసింది. అంతకన్నా తక్కువ పంపినా ఇవి లేకపోతే స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ.

## యాక్సెస్‌ను తెరవకుండానే: పైథాన్

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్ట్ ఒకటి రాసి, ఓడీబీసీ డ్రైవర్ (బయటి ప్రోగ్రామ్‌లు డేటాబేస్‌ను చదవడానికి వాడేది) ద్వారా యాక్సెస్ ఫైల్లోని టేబుల్ చదివి, మెయిల్ పంపవచ్చు. యాక్సెస్ తెర తెరుచుకోవాల్సిన పని లేదు కాబట్టి ఎవరూ లాగిన్ కాకపోయినా నడుస్తుంది. రాత్రిపూట నడవాలనుకునేవాళ్లకు ఇది పెద్ద లాభం.

పోయేది ఏమిటంటే, మీరు ఏళ్ల తరబడి తీర్చిదిద్దుకున్న యాక్సెస్ రిపోర్ట్ ఇక్కడ పనికిరాదు. పీడీఎఫ్‌ను పైథాన్‌లో మళ్లీ మొదటి నుంచి కట్టాలి. ఇంకా, ఆఫీస్ 32 బిట్ అయితే పైథాన్ కూడా 32 బిట్ ఉండాలి, 64 అయితే 64. కలవకపోతే డ్రైవరే కనిపించదు. ఆఫీసులో పైథాన్ తెలిసిన మనిషి రోజూ అందుబాటులో ఉంటేనే ఇటు రండి.

## గూగుల్ షీట్స్, ఆప్స్ స్క్రిప్ట్

కంప్యూటర్ ఆఫ్ అయి ఉన్నా మెయిల్ పోవాలంటే పంపే పని గూగుల్ వైపుకు మార్చాలి. షీట్‌లో డేటా ఉంటే, గూగుల్ సర్వర్లలోనే నడిచే కోడ్ అయిన ఆప్స్ స్క్రిప్ట్ రోజూ ఒక గంట ఎంచుకుని దానంతట అదే నడుస్తుంది. ఆ గంటలో ఏ నిమిషమన్నది గూగుల్ ఇష్టం. మామూలు అకౌంట్‌కు రోజుకు 100 మందికి, వర్క్‌స్పేస్‌కు 1500 మందికి పంపవచ్చు.

డేటా యాక్సెస్ నుంచి షీట్‌కు ఎలా చేరాలి అన్నదే ప్రశ్న. రోజూ చేత్తో ఎక్స్‌పోర్ట్ చేస్తే మళ్లీ క్లిక్ వచ్చినట్టే. గుమాస్తా సాయంత్రం ఫైల్ మూసేటప్పుడు యాక్సెసే ఒక సీఎస్‌వీ ఫైల్‌ను గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో రాసేలా పెట్టి, స్క్రిప్ట్ అక్కడి నుంచి చదువుకునేలా చేస్తే సరిపోతుంది. ఒక జాగ్రత్త: ఫైల్ తేదీ ఇవాళ్టిదా కాదా అని స్క్రిప్ట్ చూడాలి. లేకపోతే నిన్నటి బాకీలే ఇవాళ మళ్లీ పోతాయి.

## పవర్ ఆటోమేట్

పనులను వాటంతటవే జరిగేలా చేసే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ ఇది. డెస్క్‌టాప్ వెర్షన్ విండోస్ 10, 11 వాళ్లకు ఉచితం. యాక్సెస్ ఫైల్‌ను చదవగలదు, మెయిల్ పంపగలదు, కోడ్ రాయాల్సిన పని తక్కువ. కానీ టైం ప్రకారం మనిషి లేకుండా నడవాలంటే డబ్బు కట్టే లైసెన్స్ కావాలి. మనం తీసేయాలనుకున్నది ఆ క్లిక్కే కాబట్టి, ఆఫీసులో ఇప్పటికే ఆ లైసెన్స్ ఉంటే తప్ప దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు.

## అన్నీ ఒకచోట

| దారి | ఎవరైనా లాగిన్ అయి ఉండాలా | ఒక్కొక్కరికీ వేరే పీడీఎఫ్ | రోజు హద్దు | ఎక్కడ ఆగుతుంది |
|---|---|---|---|---|
| సెండ్‌ఆబ్జెక్ట్ | ఉండాలి | ఒక్కటే తగిలించవచ్చు | మెయిల్ అకౌంట్‌ను బట్టి | హెచ్చరిక బాక్స్ దగ్గర |
| అవుట్‌లుక్ | ఉండాలి | ఎన్నైనా | మెయిల్ అకౌంట్‌ను బట్టి | కొత్త అవుట్‌లుక్, పాతబడ్డ యాంటీవైరస్ |
| సీడీఓ, జీమెయిల్ | ఉండాలి, స్క్రీన్ లాక్ చేసుకోవచ్చు | ఎన్నైనా | 500, వర్క్‌స్పేస్‌కు 2000 | పాస్‌వర్డ్ మార్చిన రోజు |
| పైథాన్, జీమెయిల్ | అక్కర్లేదు | విడిగా కట్టుకోవాలి | 500, వర్క్‌స్పేస్‌కు 2000 | 32, 64 బిట్ తేడా |
| ఆప్స్ స్క్రిప్ట్ | సిస్టమే ఆన్‌లో ఉండక్కర్లేదు | షీట్ నుంచి కట్టుకోవాలి | 100, వర్క్‌స్పేస్‌కు 1500 | కొత్త డేటా రాకపోతే |
| పవర్ ఆటోమేట్ ఉచితం | ఉండాలి, మొదలుపెట్టాలి కూడా | అవును | మెయిల్ అకౌంట్‌ను బట్టి | మూడో క్లిక్ అలాగే ఉంటుంది |

## మూడో క్లిక్: టాస్క్ షెడ్యూలర్

యాక్సెస్ లోపలి నుంచి పంపే ఏ దారి ఎంచుకున్నా, ఫైల్‌ను టైంకి తెరిచేది టాస్క్ షెడ్యూలరే. అసలు పనితనం కనపడేది ఇక్కడే. నేను చూసినంతలో ఎక్కువ ఏర్పాట్లు ఆగిపోయేది కూడా ఇక్కడే.

రోజూ వాడే ఫైల్‌ను తెరిపించకండి. మెయిల్ పనికి ఒక చిన్న ఫైల్ వేరే చేసి, అసలు టేబుల్స్‌ను అందులోకి లింక్ చేయండి. రిపోర్ట్, మెయిల్ కోడ్ మాత్రమే అందులో ఉండాలి. అసలు ఫైల్‌నే తెరిపిస్తే, అది తెరుచుకోగానే వచ్చే లాగిన్ ఫారం దగ్గరే అంతా ఆగిపోతుంది. ఆ చిన్న ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చండి. లేకపోతే పైన పసుపు పట్టీ వచ్చి, మాక్రోలు నడవవు.

షెడ్యూలర్‌లో యాక్సెస్ ప్రోగ్రామ్ ఉన్న దారి, తర్వాత కోట్స్‌లో మీ ఫైల్ దారి, తర్వాత స్లాష్ ఎక్స్ పెట్టి మాక్రో పేరు ఇవ్వాలి. ఆ మాక్రోలో ‘రన్ కోడ్’ యాక్షన్ పెట్టి మీ ప్రొసీజర్ పేరు ఇస్తారు. అది ‘సబ్’ అయితే రన్ కోడ్‌కు కనపడదు, ‘ఫంక్షన్’గా రాసుకోవాలి. పని అయ్యాక యాక్సెస్‌ను మూసే లైన్ మర్చిపోవద్దు.

ఆ ఫైల్లో మెసేజ్ బాక్స్ ఒక్కటి కూడా ఉండకూడదు. ఎర్రర్ వస్తే బాక్స్‌లో చూపించడం అందరికీ అలవాటు. రాత్రి ఎనిమిదింటికి ఎర్రర్ వస్తే ఆ బాక్స్ ‘ఓకే’ కోసం తెర మీద అలాగే నిలబడుతుంది. యాక్సెస్ మూసుకోదు. ముందుది ఇంకా నడుస్తుంటే కొత్తది మొదలుపెట్టకూడదన్నది షెడ్యూలర్ డిఫాల్ట్ రూల్, ఎంతసేపు నడిస్తే ఆపాలన్నది డిఫాల్ట్‌గా మూడు రోజులు. అంటే ఒక్క బాక్స్ వల్ల మూడు రోజుల మెయిల్స్ ఆగిపోవచ్చు. ఎర్రర్‌ను టేబుల్‌లో రాసి, ఫైల్ మూసుకునేలా చేయండి. మూడు రోజులను ఒక గంటకు తగ్గించండి.

ఇక కరెంటు. ‘కండిషన్స్’ ట్యాబ్‌లో ‘కంప్యూటర్ ఏసీ పవర్ మీద ఉంటేనే మొదలుపెట్టు’ అన్న టిక్ ముందే పెట్టి ఉంటుంది. ఎండాకాలం సరిగ్గా ఆ టైంకి కరెంటు పోతే, బ్యాటరీ నిండా ఉన్న ల్యాప్‌టాప్ కూడా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆ టిక్ తీసేయండి. ‘సెట్టింగ్స్’లో ‘టైం తప్పితే వీలైనంత త్వరగా నడుపు’ అన్నదానికి టిక్ పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ఉదయం ఆన్ చేయగానే నిన్నటిది పోతుంది. సిస్టమ్ స్లీప్‌లోకి పోకుండా చూసుకోండి. స్క్రీన్ లాక్ అయితే ఏమీ కాదు, స్లీప్ అయితేనే ఆగుతుంది.

‘యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడుపు’ అన్న ఎంపిక ఆశ పెడుతుంది. యాక్సెస్, అవుట్‌లుక్ లాంటివాటిని మనిషి లేని సెషన్‌లో నడపడాన్ని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు. ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి కనపడని బాక్స్ దగ్గర ఆగుతుంది. పైగా అక్కడ జెడ్ డ్రైవ్ లాంటి మ్యాప్ చేసిన డ్రైవ్‌లు కనపడవు. లాగిన్ అయి, లాక్ వేసి వెళ్లడమే నమ్మకమైన పద్ధతి.

## పంపిన లెక్క

ఏ దారిలో వెళ్లినా ఒక టేబుల్ తప్పనిసరి. పార్టీ కోడ్, నెల, స్థితి, టైం, ఎర్రర్. పార్టీ కోడ్, నెల రెండూ కలిపి యూనిక్ ఇండెక్స్ పెట్టండి. అప్పుడు ఒకే పార్టీకి ఒకే నెల రెండో వరుస రాదు.

తాడిపత్రి బండల వ్యాపారి స్టేట్‌మెంట్ ఉదాహరణగా చూడండి. పంపడానికి ముందు కోడ్ ఆ టేబుల్‌లో ‘పంపుతున్నాం’ అని వరుస రాస్తుంది. తర్వాత ఆ పార్టీకి ఫిల్టర్ పెట్టి రిపోర్ట్‌ను కనపడకుండా తెరిచి, పీడీఎఫ్‌గా రాసి, మూస్తుంది. మెయిల్ పంపుతుంది. సర్వర్ తీసుకున్నాక స్థితిని ‘పోయింది’ అని మారుస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ ఒక్క పార్టీ ‘పంపుతున్నాం’ దగ్గర మిగిలిపోతుంది. ముందువాళ్లంతా ‘పోయింది’, తర్వాతివాళ్లకు వరుసే ఉండదు. మళ్లీ నడిపినప్పుడు వరుస లేనివాళ్లకే పోతుంది. మిగిలిన ఆ ఒక్కటి మనిషి సెంట్ ఫోల్డర్ చూసి తేల్చుకోవాలి. ఇది లేకుండా మొదటి నుంచి నడిపితే, సగం మందికి బాకీ మెయిల్ రెండోసారి పోతుంది. బాకీ అడగడం ఒకసారే మర్యాద.

సర్వర్ తీసుకున్నంత మాత్రాన అవతలివాళ్లకు చేరినట్టు కాదు. అడ్రస్ తప్పైతే తిరిగొచ్చే మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో పడుతుంది. వారానికోసారైనా అది తెరిచి చూసే మనిషిని పెట్టండి. ఇంకో సంగతి, పాత ఫైళ్లలో మెయిల్ అడ్రస్ కాలమ్‌ను హైపర్‌లింక్ రకంగా పెట్టి ఉంటారు. తెర మీద బాగానే కనిపిస్తుంది గానీ, కోడ్ చదివితే మధ్యలో హ్యాష్ గుర్తులతో అడ్రస్ రెండుసార్లు వస్తుంది. దాన్ని షార్ట్ టెక్స్ట్‌గా మార్చుకోండి.

## తెలుగులో పంపేవాళ్లకు

వీబీఏ ఎడిటర్‌కు యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ వాడే అక్షరాల పద్ధతి) రాదు. కోడ్‌లో ‘గౌరవనీయులైన’ అని అతికిస్తే ప్రశ్నార్థకాల వరుస అవుతుంది. తెలుగు మాటలను ఒక టేబుల్‌లో లాంగ్ టెక్స్ట్ కాలమ్‌లో పెట్టుకుని, కోడ్ అక్కడి నుంచి చదివేలా రాయండి. సీడీఓలో అక్షరాల రకాన్ని యూటీఎఫ్ 8 అని చెప్పాలి. చెప్పకపోతే అవతలివాళ్లకు మళ్లీ ప్రశ్నార్థకాలే పోవచ్చు.

పాత ఫైల్లో పేర్లు అను ఫాంట్స్‌లో టైప్ చేసి ఉంటే అది వేరే సమస్య. అవి యూనికోడ్ కాదు. మెయిల్ ఒంట్లో పెడితే అర్థం లేని గుర్తులు కనపడతాయి. పీడీఎఫ్‌లో మాత్రం ఫాంట్ లోపలే చేరితే బాగానే కనపడుతుంది. మార్చుకునేదాకా అలాంటివాళ్లు మెయిల్ ఒంట్లో రెండు ఇంగ్లీషు లైన్లు, తెలుగంతా పీడీఎఫ్‌లో అన్న పద్ధతి పెట్టుకుంటే చాలు.

## ఎవరికి ఏది

బండల యూనిట్, జిన్నింగ్ మిల్లు, చీనీకాయల కమిషన్ వ్యాపారి లాంటివాళ్లు, అంటే నెలకోసారి వందలోపు పార్టీలకు వేరువేరు స్టేట్‌మెంట్లు పంపేవాళ్లు: సీడీఓ, విడిగా తెరిచిన జీమెయిల్, టాస్క్ షెడ్యూలర్. టైం ఉదయం పదకొండుకు పెట్టండి. ఆ వేళకు సిస్టమ్ ఆన్‌లో ఉంటుంది, తేడా వస్తే చూసే మనిషీ ఎదురుగా ఉంటాడు. రాత్రి పంపితేనే గొప్ప అనుకోవాల్సిన పని లేదు.

ట్యాక్స్ కన్సల్టెంట్లది వేరే తీరు. నెలనెలా రిటర్న్ వేసే క్లయింట్లకు 11వ తేదీ జీఎస్‌టీఆర్ 1కు, 20వ తేదీ 3బీకి గడువు. గుర్తుచేసే మెయిల్ ఒక్కరోజు ఆలస్యమైనా దండగే. పీడీఎఫ్ అక్కర్లేదు, మాట ఒకటే. వందమంది లోపు క్లయింట్లుంటే ఆప్స్ స్క్రిప్ట్ బాగా నప్పుతుంది, ఆఫీసుకు సెలవైనా పోతుంది. క్లయింట్లు ఎక్కువైతే వర్క్‌స్పేస్ తీసుకోండి, లేదా రెండు రోజులకు పంచండి.

కాలేజీలు ఫీజు గడువు మెయిల్స్ ఒకేరోజు వెయ్యి, రెండు వేలు పంపాలనుకుంటాయి. మామూలు జీమెయిల్‌తో ప్రయత్నిస్తే 500 దగ్గర ఆగి, ఆ అకౌంట్ నుంచి ఇంకో రోజుదాకా పంపనివ్వదు. కాలేజీకి సొంత డొమైన్ ఎలాగూ ఉంటుంది. వర్క్‌స్పేస్ అకౌంట్ గానీ, మెయిల్ సర్వీసు గానీ తీసుకుని సీడీఓతో కలపండి. ల్యాబ్ ఇన్‌ఛార్జో కంప్యూటర్స్ లెక్చరరో ఉంటారు కాబట్టి పైథాన్ కూడా ఇక్కడ ఆలోచించదగ్గదే. కానీ రాసిన మనిషి ట్రాన్స్‌ఫర్ అయితే దాన్ని అర్థం చేసుకునేలా ఒక పేజీ రాయించి పెట్టుకోండి.

ఇప్పటికే క్లాసిక్ అవుట్‌లుక్‌తో ఏళ్లుగా నడుస్తున్నవాళ్లు దాన్ని పీకేయాల్సిన తొందర లేదు. పంపే కోడ్‌ను ఒకే ఫంక్షన్‌లోకి చేర్చి పెట్టుకుంటే, సిస్టమ్ మార్చిన రోజు ఆ ఒక్క ఫంక్షన్ లోపలి లైన్లు మార్చి సీడీఓకు రావచ్చు.

నెలకు పది మెయిల్స్ మించని ఆఫీసులు ఇవేవీ పెట్టుకోవద్దు. ఫారం మీద ఒక బటన్, వెనకాల సెండ్‌ఆబ్జెక్ట్, ముందు ఒక మనిషి. పంపే ముందు ఒకసారి కళ్లతో చూసుకునే అవకాశం కూడా ఉంటుంది.